ఆవాహనం, ఉద్వాసనం – అర్ధరాత్రి చిత్రాలను గూర్చి ఒక చింతన

శ్రీ గురుభ్యో నమః.

వేదాంతవిషయాలు చదవడానికి అలవాటుపడిన సాధకులకు నేడు నేను ఎత్తుకొన్న ప్రసంగం విచిత్రంగా తోచవచ్చు. పాశ్చాత్యదేశాలలోనూ జపాన్‌లోనూ పెద్దల కోసమే నిర్మింపబడిన యానిమేషన్ చిత్రాలు కొన్ని ఉన్నాయి. అందులో మూడు నుండి తొమ్మిది వరకు సైన్స్ ఫిక్షన్ కథలను ఒక్క మాలగా గుచ్చి చూపేవి ఒక ప్రత్యేకవర్గం. వీటికి సామాన్యప్రేక్షకులు తక్కువ, భక్తులు ఎక్కువ. 'భక్తులు' అనే మాట పరిహాసానికి అనడం లేదు. ఒకే చిత్రాన్ని ఏళ్ళ తరబడి మళ్ళీ మళ్ళీ చూచేవారు, అర్ధరాత్రి ప్రదర్శనకు దూరాలు దాటి వెళ్ళేవారు, అందులోని బొమ్మలను భుజాలపై పచ్చబొట్లుగా పొడిపించుకొనేవారు ఉన్నారు. ఇటువంటి ఆదరాన్ని ఆంగ్లంలో 'కల్ట్' అంటారు. ఆ పదానికి మూలమైన లాటిన్ ధాతువుకు భూమిని దున్నడం, సంరక్షించడం, ఆరాధించడం అనే అర్థాలు ఉన్నాయి.

అర్చకవృత్తిలో ఉన్నవాడికి ఆరాధన అనే మాట ఎక్కడ వినబడినా చెవి అటు తిరుగుతుంది. ఆరాధ్యమేది, ఆరాధకుడు కోరేదేమి, పొందేదేమి అనే ప్రశ్నలు పుడతాయి. నాకు మరొక నిమిత్తం కూడా ఉన్నది. మా రెండవ కుమారుడు వేదపాఠశాలలో కొంతకాలం అధ్యయనం చేసి, తరువాత చిత్రకళ వైపు మళ్ళి, ఇప్పుడు హైదరాబాదులో యానిమేషన్ వృత్తిలో ఉన్నాడు. ఈ చిత్రాలు వాడికి ప్రాణం. వాడి వలననే వీటిలో కొన్నింటిని నేను చూచాను. ఆలయానికి వచ్చే తల్లిదండ్రులు కూడా, రాత్రంతా మేలుకొని ఏవో బొమ్మల సినిమాలు చూచే తమ పిల్లల విషయం తరచుగా ప్రస్తావిస్తూ ఉంటారు. 'పిల్లవాడు చెడిపోతున్నాడా?' అని వారి ప్రశ్న. దానికి ఒక్కమాటలో ఉత్తరం చెప్పడం న్యాయం కాదని తోచి, కొంత విచారించి వ్రాస్తున్నాను.

హరితగోళం చెప్పిన కథలు

ఈ వర్గంలో ప్రసిద్ధతమమైనది 1981లో వెలువడిన 'హెవీ మెటల్'. దాని వెనుక ఒక పత్రిక ఉన్నది. మోబియస్ అనే మారుపేరుతో ఖ్యాతి పొందిన జాఁ జిరో, ఫిలిప్ ద్రుయ్యే మొదలైనవారు 1974 చివర ఫ్రాన్స్‌లో 'మెతాల్ యుర్లాఁ' అనే చిత్రకథల పత్రికకు పూనుకొన్నారు. 1977లో దానికి అమెరికాలో ఆంగ్లరూపం 'హెవీ మెటల్' అనే పేరుతో ఆరంభమైనది. చిత్రానికి ఐవాన్ రైట్మన్ నిర్మాత, జెరాల్డ్ పాటర్టన్ దర్శకుడు. కెనడా కేంద్రంగా ఈ పని జరిగినా, వేరువేరు చిత్రశాలలలో వేరువేరు బృందాలు ఒక్కొక్క కథను ఏకకాలంలో గీశాయి. అందుచేత ఒక కథలోని రేఖ మరొక కథలోని రేఖను పోలదు.

ఈ కథలను కూర్చే సూత్రం గమనింపదగినది. ఒక అంతరిక్షయాత్రికుడు తన చిన్న కుమార్తె కోసం ఆకుపచ్చగా వెలిగే ఒక గోళాన్ని ఇంటికి తెస్తాడు. పేటిక తెరవగానే ఆ గోళం అతణ్ణి కరిగించివేస్తుంది. భయకంపితయైన బాలిక ఎదుట అది, తానే సమస్త దుష్టత్వానికి సారమని ప్రకటించి, లోకలోకాంతరాలలో తన ప్రభావం ఎట్లా వ్యాపించినదో కథలుగా చెప్పనారంభిస్తుంది. ఒక కథలో భావికాలపు న్యూయార్క్ నగరంలో టాక్సీ నడిపేవాడు. ఒక కథలో లోకాంతరానికి విసరబడి మహాకాయుడుగా మారిన దుర్బలుడైన కుర్రవాడు. మరొక కథలో రెండవ ప్రపంచయుద్ధపు బాంబరు విమానంలో లేచివచ్చే మృతసైనికులు. చిట్టచివర తార్నా అనే యోధురాలు పక్షివాహనయై వస్తుంది. ఆమె చిత్రంలో ఒక్క మాటైనా పలుకదు. ఆత్మాహుతితో ఆ గోళాన్ని నశింపజేస్తుంది. కథలోని గోళం పగిలినప్పుడు కథ చెప్పుతున్న గోళం కూడా పగులుతుంది. విన్న బాలికయే తరువాతి యోధురాలిగా పక్షినెక్కి వెళ్ళిపోతుంది.

మనకు భేతాళకథలు తెలుసు. అక్కడ శవాన్ని ఆవహించినవాడు కథలు చెప్పి చెప్పి, చివరకు రాజుకు ప్రాణరక్షణోపాయం చెప్పుతాడు. ఇక్కడ దుష్టత్వం తన ప్రతాపాన్ని చాటుకోబోయి తన వినాశాన్ని తానే చెప్పుకొంటుంది. అధర్మానికి తన కథ ముగింపు తెలియదు అనే ధ్వని ఇందులో ఉన్నది. ఈ ధ్వని నిర్మాతలు ఉద్దేశించినదో, సూత్రం కుదరడం కోసం అట్లా అమరినదో విచారించనక్కరలేదు. శ్రోతకు అందినది శ్రోతకు ప్రమాణం.

దుర్లభత్వం, విస్మయం

ఈ చిత్రంలో అనేక రాక్ సంగీతబృందాల గీతాలున్నాయి. వాటి హక్కుల చిక్కుముడి వలన 1996 వరకు అది వీడియో క్యాసెట్టుగా అధికారికంగా వెలువడలేదు. ఆ పదిహేనేళ్ళు అర్ధరాత్రి ప్రదర్శనలలోనో, పొద్దుపోయాక కేబుల్ టీవీలోనో, చేతులు మారి మారి రంగు వెలిసిన దొంగ క్యాసెట్లలోనో దానిని చూచేవారు. కల్ట్ అనేది ఈ దుర్లభత్వం నుండియే పుట్టినదని కొందరంటారు. అర్చకుడికి ఈ వాదం సులభంగా అర్థమవుతుంది. తెర వేసి ఉన్నప్పుడే దర్శనాకాంక్ష పెరుగుతుంది. ఏడాదికొకసారి తెరచే ఉత్తరద్వారం ఎదుట తెల్లవారుజామున నిలిచే జనం, రోజూ తెరచి ఉండే ద్వారం ఎదుట ఉండరు.

కాని ఇది సంపూర్ణకారణం కాదు. నేడు దుర్లభత్వం పోయినది. 2019లో టిమ్ మిల్లర్, డేవిడ్ ఫించర్ అనేవారు ఇదే మార్గంలో 'లవ్, డెత్ అండ్ రోబోట్స్' అనే కథామాలికను నెట్‌ఫ్లిక్స్ ద్వారా తెచ్చారు. వారు అంతకు ముందు 'హెవీ మెటల్'నే పునర్నిర్మించాలని చిరకాలం ప్రయత్నించినవారు. ఇప్పుడు అది ఫోనులో ఏ క్షణంలోనైనా లభ్యం. అయినా ఆకర్షణ తగ్గలేదు. తెర తీసినా భక్తులు నిలిచే ఉన్నారంటే లోపల ఏదో ఉండి తీరాలి.

భరతముని అద్భుతరసానికి విస్మయం స్థాయిభావమని చెప్పాడు. విస్మయానికి ఒక స్వభావమున్నది; అది వివరణకు ఓర్చదు. దీర్ఘకథలో మొదట కలిగిన ఆశ్చర్యం క్రమంగా కారణాలలో, వంశచరిత్రలలో, యంత్రవివరణలలో అరిగిపోతుంది. పదిహేను నిమిషాల కథకు ఆ ప్రమాదం లేదు. ఆశ్చర్యం ఇంకా వేడిగా ఉండగానే కథ ముగుస్తుంది. మరొక లోకం తెరచుకొంటుంది. కథ ముగిసినా ప్రేక్షకుడి మనస్సులో కొంత శేషం మిగులుతుంది. ఆ శేషాన్ని తాను పూరించుకోవాలి, లేదా తోటివారితో మాట్లాడి పూరించుకోవాలి. అందుకే మళ్ళీ చూస్తాడు, అందుకే తనవంటివారిని వెదుకుతాడు. ఈ కూటములు ఏర్పడేది ఆ శేషం వద్దనే అని నాకు తోచినది. మా అబ్బాయి దీనిని తన మాటలో చెప్పాడు: "అందులో అన్నీ చెప్పేస్తే ఒక్కసారి చూస్తే చాలు కదా నాన్నగారూ!"

ప్రౌఢం అనగా ఏమి?

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పవలసి ఉన్నది. 'హెవీ మెటల్' చిత్రంలో స్త్రీశరీరాన్ని చూపిన తీరు నాకు సమ్మతం కాదు. కథకు అవసరమై కాదు, చూపడం కోసమే చూపినవి అనేకం. పెద్దలకు మాత్రమే అని ముద్ర వేసినా, దానిలోని కామం పెద్దల కామం కాదు. పదహారేళ్ళ కుర్రవాడి ఊహ. రక్తపాతానిదీ అదే తీరు. అందువలన దానిని ప్రౌఢమనడం పదానికి అన్యాయం. శయనం, ఆలింగనచుంబనాదులు, మరణం రంగస్థలంపై ప్రత్యక్షంగా చూపరాదని నాట్యశాస్త్రం విధించినది శృంగారాన్ని ద్వేషించి కాదు. శృంగారాన్ని రసరాజుగా నిలిపినది ఆ సంప్రదాయమే కదా. ప్రత్యక్షంగా చూపితే రసం ఇంద్రియస్థాయిలోనే ఆగిపోతుంది, పైకి లేవదు అని దానిలోని ఎరుక.

అయితే ఈ ఖండన చేసేటప్పుడు మనం మన ఇంటిని కూడా చూచుకోవాలి. నా చిన్నతనంలో ఊరి చివర తోలుబొమ్మలాట ఆడేవారు. పలుచగా గీకి రంగులద్దిన తోలుబొమ్మలు, తెల్లని తెర, వెనుక దీపాలు. రాత్రంతా రామాయణం నడిచేది. మధ్య మధ్య కేతిగాడూ బంగారక్కా వచ్చి పలికే సరసాలు ఈనాటి సభలలో పలుకదగినవి కావు. ఊరంతా నవ్వేది, నవ్వి మళ్ళీ సీతమ్మవారి శోకానికి కన్నీరు పెట్టేది. రాత్రివేళ, కదలే రంగుబొమ్మలు, పెద్దల హాస్యం, తెల్లవారేదాకా మేలుకొన్న జనం: మా అబ్బాయి చెప్పే అర్ధరాత్రి ప్రదర్శనకు ఇది మరీ దూరం కాదు. దేవాలయ కుడ్యాలపై మిథునశిల్పాలు కూడా ఉన్నాయి. భేదమెక్కడ? కేతిగాడు తెర అంచున ఉండేవాడు, మధ్యన రాముడుండేవాడు. మిథునం బయటి గోడపై ఉన్నది, గర్భాలయంలో లేదు. నిషేధం కంటె స్థాననిర్దేశం మన సంప్రదాయానికి ముఖ్యం. ఏది అంచున ఉండాలో అది మధ్యకు వచ్చినప్పుడే దోషం.

స్మృతి నిర్మించిన గృహం

ఈ దృష్టితో చూచినప్పుడు నన్ను నిజంగా నిలిపివేసినది మరొక చిత్రం. 1995లో జపాన్‌లో కత్సుహిరో ఒటోమో నేతృత్వంలో వచ్చిన 'మెమరీస్'. పేరే స్మృతులు. మూడు కథలు. మొదటిది 'మాగ్నెటిక్ రోజ్', అయస్కాంతపు గులాబి. దర్శకుడు కోజి మొరిమోటో. కథనం కూర్చినవాడు సతోషి కోన్. ఇందులో కామోద్దీపనం లేదు, కానీ పిల్లలకు అర్థం కాదు. దానిని ప్రౌఢమనవచ్చు.

అంతరిక్షంలో పాడైన నౌకల శకలాలను ఏరి అమ్ముకొనే శ్రామికులకు ఒక ఆపత్సంకేతం వినబడుతుంది. వెళ్ళి చూస్తే గులాబి ఆకృతిలో ఒక మహానిర్మాణం. లోపల రాజప్రాసాదం, ఉద్యానాలు, చిత్రపటాలు, సంగీతం. అది ఈవా అనే పూర్వకాలపు సంగీతనటి నివాసం. ఆమె ఏనాడో మరణించినది. ఆమె జ్ఞాపకాలు మాత్రం యంత్రమాయాప్రతిబింబాలుగా ఆ ఇంటిలో జీవిస్తున్నాయి. తన ప్రియుడు తనను విడిచిపోతాడనే భయంతో ఆమె అతణ్ణి చంపినది. స్మృతిలో అయితే ఎన్నటికీ విడువడు కదా అని. వచ్చిన శ్రామికులలో మిగ్యుల్ అనే యువకుడు ఆ ప్రియుడి స్థానంలోకి జారిపోతాడు. హైంజ్ అనే రెండవవాడికి ఆ గృహం, చిన్నతనంలోనే చనిపోయిన అతని కుమార్తెను చూపుతుంది. పిల్ల పరుగెత్తి వస్తుంది, తండ్రిని పిలుస్తుంది. హైంజ్ కదలిపోతాడు, కానీ అది తన బిడ్డ కాదని తెలుసుకొని నిరాకరిస్తాడు. చివరకు అతడు శూన్యాకాశంలో ఒంటరిగా తేలుతూ మిగులుతాడు.

ఇది చూచినప్పుడు యోగవాసిష్ఠంలోని లీలోపాఖ్యానం స్ఫురించక మానదు. లీలారాణికి కూడా ఇదే భయం. భర్త మరణించినా అతని జీవుడు తన మందిరం విడిచి పోరాదని ఆమె సరస్వతీదేవిని వరమడిగినది. దేవి ఇచ్చినది. ఆ మందిరాకాశంలోనే మరొక జగత్తు, అందులో భర్త మరొక రాజై రాజ్యం చేస్తూ ఉండడం, ఆ జగత్తుకు వెనుక ఒక బ్రాహ్మణుడి చిన్న గృహంలో ఇంకొక జగత్తు: ఇట్లా గదిలో లోకాలు, లోకంలో గదులు. ఈవా కోరినదీ లీల కోరినదీ ఒకటే. ఫలం మాత్రం వేరు. లీలకు ఆసక్తియే జిజ్ఞాసగా మారి, చివరకు జీవన్ముక్తి లభించినది. ఈవాకు ఆసక్తి ఆసక్తిగానే గడ్డకట్టి, మృత్యువు తరువాత కూడా ఇతరులను లాగే అయస్కాంతమైనది. భేదానికి కారణం స్పష్టం. లీల వెంట దేవి ఉన్నది. చూచిన ప్రతి దృశ్యం తరువాత ఇది ఏమిటి అని అడగడానికి ఒకరున్నారు, చెప్పడానికి ఒకరున్నారు. ఈవా ఇంటిలో అడిగేవారు లేరు.

ఇట్టి సామ్యం కనబడగానే 'ఇవన్నీ మన గ్రంథాలలో ఏనాడో ఉన్నాయి' అని తృప్తిపడి పుస్తకం మూయడం మనలో కొందరికి అలవాటు. అది విద్య కాదు. మొరిమోటో వాసిష్ఠం నుండి ఏమీ అరువు తీసుకోలేదు. పైగా ఆ చిత్రం, లీలోపాఖ్యానంలో లేనిదానిని ఒకటి ఇచ్చినది: హైంజ్. అతడికి గురువు లేడు, శాస్త్రం లేదు, వరమిచ్చే దేవత లేదు. ఉన్నది వివేకమొక్కటే. కన్నబిడ్డ రూపంలో వచ్చిన సుఖాన్ని అసత్యమని తెలిసి కాదనడం ఎంత కఠినమో పుత్రశోకం చూచిన ఇండ్లలో పౌరోహిత్యం చేసినవాడికి తెలుసు.

మిగిలిన రెండు కథలు కూడా వట్టివి కావు. రెండవదానిలో ఒక సాధారణోద్యోగి జలుబు మందనుకొని ఒక ప్రయోగౌషధాన్ని మింగుతాడు. అతని శరీరం నుండి మారకమైన వాసన వెలువడుతుంది. తాను నిర్దోషినని నమ్ముతూ, అప్పగించిన పని పూర్తిచేయాలనే శ్రద్ధతో అతడు రాజధాని వైపు సాగుతాడు. వెనుక దేశం నశిస్తూ ఉంటుంది. అజ్ఞానంతో కూడిన కర్తవ్యనిష్ఠ ఎంతటి ఆపదయో ఇంతకంటె హాస్యంగా చెప్పలేము. మూడవది ఒటోమో స్వయంగా దర్శకత్వం వహించినది. ఒక నగరంలో ప్రతి ఇంటిపైనా ఫిరంగి. కనబడని శత్రువుపై ప్రతిదినం కాల్చడమే నగరజీవనం. మంత్రతంత్రాలవలె క్రమబద్ధమైన విధులు, హోదాలు, జయజయధ్వానాలు. తండ్రి గుండు మోస్తాడు. కొడుకు ఏనాటికైనా ఫిరంగి పేల్చే అధికారి కావాలని కలగంటాడు. శత్రువెవడో ఎవరూ చూడలేదు. అర్థం తెలియని అధ్యయనాన్ని బరువు మోసే స్తంభంతో పోల్చిన నిరుక్తం గుర్తుకు వచ్చినది. ఈ కథ చూస్తున్నంతసేపు మా అబ్బాయి నా వైపు చూడలేదు. నేను కూడా వాడి వైపు చూడలేదు.

మా అబ్బాయి అడిగిన ప్రశ్న

మూడేళ్ళ క్రితం నా ధర్మపత్ని కీర్తిశేషురాలైనది. గత కార్తికంలో అబ్బాయి ఇంటికి వచ్చినప్పుడు, దీపారాధన ముగించి అరుగుమీద కూర్చున్నవేళ అడిగాడు.

"నాన్నగారూ, అమ్మ పంపిన మాటలన్నీ నా ఫోనులో ఉన్నాయి. భోజనం చేశావా, సంధ్య వార్చావా అని. ఆ గొంతుకు రూపం గీయగలను. నడిపించగలను. ఇప్పుడున్న యంత్రాలతో అమ్మ అనని మాటలు కూడా అమ్మ గొంతుతోనే పలికించవచ్చు. చెయ్యమంటారా?"

వాడు ఆ గులాబి కథను అన్నిసార్లు ఎందుకు చూస్తున్నాడో నాకు అప్పుడు తెలిసినది. ఆ రాత్రి ఉత్తరం చెప్పలేదు. మరునాడు అభిషేకం ముగిసిన తరువాత చెప్పాను.

"నాయనా, ఆబ్దికంనాడు మనమేం చేస్తాం? అమ్మను పిలుస్తాం. ఆసనమిచ్చి కూర్చోబెడతాం. ఆమెకిష్టమైనవి వండి పెడతాం. తృప్తి కలిగినదా అని అడుగుతాం. ఆ తరువాత సాగనంపుతాం. వినాయకచవితికి మట్టిబొమ్మను పిలిచినా అంతే, వ్రతంలో కలశంలోకి పిలిచినా అంతే. ఆవాహనం చేసేవాడికి ఉద్వాసనం తెలిసి ఉండాలి. ఈవాకు పిలవడం తెలుసు, పంపడం తెలియదు. నువ్వు బొమ్మ గీస్తే, దాన్ని ఎప్పుడు ఆపాలో ముందుగా నిశ్చయించుకొని గియ్యి."

కొంత ఆగి మరొక మాట కూడా అన్నాను. "అమ్మ అన్న మాటలు విను. ఎన్నిసార్లయినా విను. అనని మాటలు పలికించవద్దు. అన్నది స్మృతి, అననిది వికల్పం. అందులో పలికేది అమ్మ కాదు, అమ్మ గొంతు తొడుక్కొన్న నీ కోరిక." పతంజలి చిత్తవృత్తులను అయిదుగా విభజించి, స్మృతిని వికల్పం నుండి వేరుచేసి చెప్పడంలోని ప్రయోజనం నాకు ఆ క్షణంలో కనబడినంత స్పష్టంగా పాఠం చెప్పుకొన్నప్పుడు కూడా కనబడలేదు. స్మృతికి ఆధారంగా ఒక అనుభవం ఉన్నది. దానికి ఒక హద్దు ఉన్నది. వికల్పానికి వెనుక వస్తువు లేదు; అందుచేత హద్దు కూడా లేదు.

వాడు ఊరుకోలేదు. వాడికి చిన్ననాటి పాఠాలు మరపునకు రాలేదు. "మరి గర్భాలయంలో స్వామికి ఉద్వాసన ఏదీ? వందల ఏళ్ళ క్రితం ఆవాహన చేసి అట్లాగే ఉంచాం కదా!" అన్నాడు.

ఇది మంచి ఆక్షేపణ. నేను చెప్పిన సమాధానం ఇది: మూలమూర్తి ఏ ఒక్కరి దుఃఖానికో ప్రతిబింబం కాదు. గడచిపోయిన వ్యక్తిని నిలిపి ఉంచడానికి చేసిన ప్రతిష్ఠ కాదు. ఊరందరి శ్రేయస్సుకు, ఎన్నడూ పోనిదానిని ఒకచోట చూడడానికి చేసినది. అయినా రాత్రి పవళింపుసేవ చేసి తలుపులు మూస్తాం. భక్తుడు ఇంటికి వెళ్ళిపోవాలి, తన పని చేసికోవాలి, నిద్రపోవాలి. ఆలయద్వారం లోపలికి ఎంత తెరుచుకొంటుందో వెలుపలికీ అంతే తెరుచుకొంటుంది. ఈవా ఇంటి ద్వారం లోపలికి మాత్రమే తెరుచుకొంటుంది.

ఈ ఉత్తరం వాడికి సంపూర్ణతృప్తి కలిగించినదని చెప్పలేను. "ఆలోచిస్తాను" అన్నాడు. ఆ పని ఆరంభించలేదనీ, మానుకోలేదనీ మొన్న ఫోనులో చెప్పాడు. నా తరువాత ఈ స్వామికి దీపం వెలిగించేది వాడేనా అన్న ప్రశ్న కూడా అట్లాగే ఉన్నది. నేను అడుగలేదు, వాడు చెప్పలేదు. ఆనాడు వాడు లేవదీసిన ఆక్షేపణ మాత్రం ఒక అర్చకుడి కొడుకు మాత్రమే లేవదీయగలిగినది. దానికి నాకు సంతోషం కలిగినది.

అధికారి విచారం

తల్లిదండ్రుల ప్రశ్నకు వద్దాం. వాసిష్ఠంలో ఐంద్రజాలికుడు నెమలిపింఛం విసరగానే లవణమహారాజు కొద్దిసేపటిలో ఒక దీర్ఘజీవితాన్ని, దారిద్ర్యాన్ని, క్షామాన్ని అనుభవించి మేల్కొంటాడు. ఏ సైన్స్ ఫిక్షన్ కథకూ తీసిపోని కథ. కాని ఆ గ్రంథంలో ఇటువంటి కథలు ఉత్పత్తిప్రకరణంలో వస్తాయి. వాటికి ముందు వైరాగ్య, ముముక్షు ప్రకరణాలు రెండు ఉన్నాయి. మొదట రాముడి విరక్తి, తరువాత ముముక్షువు లక్షణం, ఆ పిమ్మటనే లోకాలు లోకాలుగా విచ్చుకొనే కథలు. జగత్తు దృఢం కాదని చెప్పే కథ, సిద్ధపడినవాడికి ఔషధం. సిద్ధపడనివాడికి తల తిరుగుడు. 2003లో వచ్చిన 'ది అనిమాట్రిక్స్' అనే తొమ్మిది కథల మాలికలో ఒక పరుగుపందెగాడు, తన దేహబలం చివరి అంచుకు చేరిన క్షణంలో, తానున్న లోకం కల్పితమని ఒక్క నిమేషం చూస్తాడు. చూచినది అతడి జీవితంలో నిలువదు. జిజ్ఞాస లేని దర్శనానికి ఆ గతి సహజం. ఆ ప్రేక్షకులలో ఎందరో యువకులకు లోకమిథ్యాత్వం మొదటిసారి చెవినపడేది మన ప్రవచనాలలో కాదు, ఇటువంటి చిత్రాలలోనే. అది విచారించదగిన విషయమే గాని కోపగించదగినది కాదు. వారికి వైరాగ్యప్రకరణం చెప్పేవారు లేకపోవడం మన కొరత.

కావున మీ ఇంటిలోని యువకుడు అర్ధరాత్రి ఇట్టి చిత్రం చూస్తూ కనబడితే, మొదట ఏది చూస్తున్నాడో చూడండి. అంచున ఉండవలసినది మధ్యకు వచ్చిన చిత్రమైతే స్పష్టంగా చెప్పండి, సంకోచం వద్దు. మైనరు బాలుడైతే ఆపండి కూడా. అట్లా కానప్పుడు పక్కన కూర్చోండి. ముగిసిన తరువాత, 'ఇందులో నీకు ఏది మిగిలిపోయినది?' అని అడగండి. మిగిలినది దృశ్యమా, ప్రశ్నయా? దృశ్యమే మిగిలితే అది విషయచింతన. గీత రెండవ అధ్యాయంలో చూపిన పతనక్రమానికి అది మొదటి మెట్టు. ప్రశ్న మిగిలితే అది బీజం. దానికి నీరు పోయడం మన పని. ఇక మూడవది, చూచిన తరువాత అతడు మామూలు జీవితంలోకి ఎంత సులభంగా తిరిగి వస్తున్నాడో గమనించండి. స్నానం, భోజనం, తల్లితో రెండు మాటలు, ఉదయపు పని: వీటికి తిరిగి వస్తున్నాడంటే ఉద్వాసనం జరిగినట్లే.

ఇదే పరీక్ష మన పూజామందిరానికి కూడా వర్తిస్తుంది. జపం చేసి లేచినవాడు ఇంటివారిపై చిరాకుపడుతుంటే, ఉత్సవం ముగిసినా ఉత్సవపు మత్తు దిగకుంటే, అక్కడ జరిగినది ఆవాహనం మాత్రమే. పిలిచినదానిని యథాస్థానానికి సాగనంపి, చేతులు జోడించి, దీపం కొండెక్కేదాకా ఒక్క నిమేషం మౌనంగా కూర్చోవడం అభ్యాసం చేద్దాం.

స్వస్తి.